ఆసియా క్రీడలు: ఎవరికి చోటు, ఎవరిది ఖర్చు

1974 సెప్టెంబరు 16. టెహరాన్‌లోని ఆర్యమెహర్ స్టేడియంలో ఏడవ ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ జరుగుతోంది. ఒకవైపు ఆతిథ్య దేశం ఇరాన్, రెండోవైపు ఇజ్రాయెల్. ఇజ్రాయెల్ ఆటగాడి కాలికి తగిలి బంతి వాళ్ళ గోల్‌లోకే వెళ్ళింది. ఇరాన్ 1-0తో గెలిచింది. అయితే ఇజ్రాయెల్ ఫైనల్‌దాకా వచ్చిన దారి మామూలుది కాదు. అంతకుముందు దశలో ఆ జట్టుతో తలపడవలసిన ఉత్తర కొరియా, కువైట్ అసలు మైదానంలోకే దిగలేదు. టెన్నిస్‌లోనూ ఫెన్సింగ్‌లోనూ కూడా కొన్ని దేశాలు ఇజ్రాయెల్ క్రీడాకారులతో ఆడబోమని తప్పుకున్నాయి. ఆ తరువాత ఇజ్రాయెల్ ఆసియా క్రీడల్లో మళ్ళీ కనిపించలేదు. జనచైనా మొదటిసారి వచ్చింది ఆ టెహరాన్‌కే. జనచైనా వచ్చింది కనుక తైవాన్‌కు చోటు పోయింది.

ఆసియా క్రీడల చరిత్రను సాధారణంగా పతకాల పట్టికలతో చెబుతారు. 1951 నుంచి 1978 వరకు ప్రతిసారీ జపాన్‌దే మొదటి స్థానం, 1982 నుంచి ఇప్పటిదాకా ప్రతిసారీ చైనాదే. ఇది నిజమే కానీ ఇందులో కథ లేదు. ఈ క్రీడల్లో గట్టి పోటీలు చాలావరకు ఆరంభోత్సవానికి ముందే జరిగిపోయాయి: ఎవరిని పిలవాలి, ఎవరిని ఆపాలి, ఏ జెండా ఎగరాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి. పెళ్ళిలో శుభలేఖ ఎవరికి వెళ్ళింది, ఎవరికి వెళ్ళలేదు అన్నదాన్నిబట్టి ఆ ఇంటి లోగుట్టు తెలిసినట్టు, ఏ యేటి ఆసియా క్రీడలకు ఎవరు వచ్చారో చూస్తే ఆ యేటి ఆసియా ఖండం కళ్ళకు కడుతుంది.

ఈ తగాదా 1951 కంటే పాతది. 1913లో మనీలాలో ‘ఫార్ ఈస్టర్న్ చాంపియన్‌షిప్ గేమ్స్’ మొదలయ్యాయి. వాటి వెనక ఉన్నవాడు ఫిలిప్పీన్స్‌లో వై.ఎం.సి.ఎ. తరఫున పనిచేస్తున్న అమెరికన్ ఎల్‌వుడ్ బ్రౌన్. ఫిలిప్పీన్స్, చైనా, జపాన్ వంతులవారీగా వాటిని నిర్వహించుకుంటూ వచ్చాయి. 1930 టోక్యో పోటీలకు భారత్ నుంచి కూడా కొందరు వెళ్ళారు. జపాన్ మంచూరియాను ఆక్రమించి మంచుకువో పేరుతో ఒక కీలుబొమ్మ రాజ్యాన్ని నిలబెట్టిన తరువాత, ఆ రాజ్యానికి కూడా ఈ పోటీల్లో చోటివ్వాలని పట్టుబట్టింది. చైనా ఒప్పుకోలేదు. 1934లో మనీలా పోటీలు ముగిసేసరికి సంస్థే చీలిపోయింది. 1938లో ఒసాకాలో జరగవలసినవి యుద్ధంలో కొట్టుకుపోయాయి. ఆ 1934లోనే ఢిల్లీ, పాటియాలాల్లో భారత్, అఫ్ఘనిస్తాన్, సిలోన్, పాలస్తీనా కలిసి ‘వెస్టర్న్ ఏషియాటిక్ గేమ్స్’ జరుపుకున్నాయి. అవి మళ్ళీ జరగలేదు.

ఆ ఢిల్లీ ప్రయత్నం వెనక ఉన్న గురుదత్ సోంధీయే పదమూడేళ్ళ తరువాత మళ్ళీ తెర మీదికి వచ్చాడు. ఆయన లాహోర్ గవర్నమెంట్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసినవాడు, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యుడు. 1947 మార్చిలో ఢిల్లీలో ఆసియా సంబంధాల మహాసభ జరిగింది. స్వాతంత్ర్యం గుమ్మంలో ఉంది. ఆసియా దేశాలన్నీ ఒకచోట కూర్చుని మాట్లాడుకోగలిగినప్పుడు ఒకచోట ఆడుకోలేవా అన్నది సోంధీ ఆలోచన. 1948 ఆగస్టులో లండన్ ఒలింపిక్స్‌కు వచ్చిన ఆసియా ప్రతినిధులను ఆయన ఒక హోటల్లో కూర్చోబెట్టి ఒప్పించాడు. 1949 ఫిబ్రవరిలో ఢిల్లీ పాటియాలా హౌస్‌లో ఆసియా క్రీడల సమాఖ్య పుట్టింది. మొదటి పోటీలు 1950లో జరగవలసింది, సన్నాహాలు పూర్తికాక మరుసటి ఏటికి వాయిదా పడ్డాయి. చివరి దశలో ఏర్పాట్ల భారాన్ని ఆంథొనీ డి మెల్లో మోశాడు.

1951 మార్చి 4న నేషనల్ స్టేడియంలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ క్రీడలను ప్రారంభించారు. 11 దేశాలు, 489 మంది క్రీడాకారులు, ఆరు క్రీడలు. సంఖ్య చిన్నదే, కానీ ఆ 11 దేశాల్లో జపాన్ ఉంది. మూడేళ్ళ ముందు లండన్ ఒలింపిక్స్‌కు జపాన్‌ను రానివ్వలేదు. బర్మా, సింగపూర్, ఇండొనేషియా, ఫిలిప్పీన్స్ జపాన్ సైన్యం చేతిలో నలిగిపోయి పట్టుమని ఆరేళ్ళు కాలేదు. అయినా ఢిల్లీ జపాన్‌ను పిలిచింది, మిగతావాళ్ళు ఒప్పుకుని వచ్చారు. ఓడిన దేశానికి యుద్ధానంతర క్రీడాలోకంలో తొలి పెద్ద ఆహ్వానం అప్పుడే స్వాతంత్ర్యం పొందిన ఒక పేద దేశం నుంచి వెళ్ళింది. ఆసియా క్రీడల చరిత్రలో ఇంత హుందా అయిన నిర్ణయం ఇంకొకటి దొరకదు. మరోవైపు, పక్కనే ఉన్న పాకిస్తాన్ మాత్రం రాలేదు.

ఆ క్రీడల్లో జపాన్ 24 స్వర్ణాలు, భారత్ 15 స్వర్ణాలు గెలుచుకున్నాయి. సచిన్ నాగ్ 100 మీటర్ల ఈతలో దేశానికి తొలి ఆసియా స్వర్ణం తెచ్చాడు. పరుగులో లెవీ పింటో 100, 200 మీటర్లు రెండూ గెలిచాడు. ఫుట్‌బాల్ ఫైనల్లో ప్రధాని నెహ్రూ చూస్తుండగా మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో ఇరాన్ ఓడిపోయింది. ఆ ఫుట్‌బాల్ జట్టు కోచ్ హైదరాబాద్ వాడు, సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా మొదలై హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును దేశంలోనే మేటిగా తీర్చిదిద్దినవాడు. ఆయన పేరు ఈ కథలో ఇంకోసారి వస్తుంది.

1954లో మనీలా, 1958లో టోక్యో. పాకిస్తాన్ వచ్చి చేరింది, అబ్దుల్ ఖాలిక్ రెండుసార్లూ 100 మీటర్లు గెలిచాడు. టోక్యోలో 200 మీటర్లలో మిల్ఖాసింగ్ ఆయన్ను దాటేశాడు. దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, తైవాన్ కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. తైవాన్‌కు చెందిన యాంగ్ చువాన్ క్వాంగ్ రెండుసార్లూ డెకాథ్లాన్ స్వర్ణం గెలిచి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో రజతం కూడా సాధించాడు. ఆసియాలో అంతటి సర్వకళా అథ్లెట్ అప్పటికి మరొకడు లేడు.

1962లో జకార్తా క్రీడలకు ఆయనకు వీసా దొరకలేదు.

ఇక్కడ కాస్త ఆగవలసిందే. ఎందుకంటే ఆసియా క్రీడల లోపలి గొడవలన్నీ ఒకేసారి బయటపడ్డది జకార్తాలోనే. అధ్యక్షుడు సుకర్ణోకు ఆ క్రీడలు కొత్త ఇండొనేషియా ప్రపంచానికి ఎత్తిచూపే జెండా. సోవియట్ రుణంతో సెనాయన్‌లో లక్షమంది పట్టే స్టేడియం కట్టించాడు. జపాన్ యుద్ధ పరిహారం సొమ్ముతో హోటల్ ఇండొనేషియా లేచింది. దేశంలో టెలివిజన్ ప్రసారాలు సరిగ్గా ఆ క్రీడల కోసమే, ఆరంభోత్సవం రోజున, 1962 ఆగస్టు 24న మొదలయ్యాయి. సెనాయన్‌లో తరతరాలుగా ఉంటున్న బెతావీ కుటుంబాలను ఖాళీ చేయించి తెబెత్‌కు తరలించారు. ఇప్పుడు ఆ స్టేడియం ముందు నిలబడి ఫొటోలు దిగేవాళ్ళలో ఆ కుటుంబాల సంగతి తెలిసినవాళ్ళు ఎందరో చెప్పలేం.

అరబ్ దేశాలతోనూ చైనాతోనూ స్నేహం కోరుకున్న సుకర్ణో ప్రభుత్వం ఇజ్రాయెల్‌కూ తైవాన్‌కూ వీసాలు ఇవ్వలేదు. సమాఖ్య నిబంధనల ప్రకారం సభ్య దేశాలన్నిటికీ చోటివ్వాలి. సోంధీ అప్పుడు సమాఖ్యలో బాధ్యత గల పదవిలో ఉన్నాడు. సభ్యులను ఆపేసి జరిపే పోటీలను ఆసియా క్రీడలు అనడానికి వీల్లేదని ఆయన వాదించాడు. తాను కని పెంచిన సంస్థ గురించి ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! జకార్తా వీధుల్లో ఆయన మీదా భారత్ మీదా కోపం కట్టలు తెంచుకుంది. సెప్టెంబరు 3న ఒక గుంపు భారత రాయబార కార్యాలయం మీద దాడి చేసింది. సోంధీ ఊరు విడిచి వెళ్ళిపోవలసి వచ్చింది. ఆయన పట్టుదల వల్లే భారత క్రీడాకారులు అక్కడ ఇబ్బంది పడ్డారని నిందించినవాళ్ళున్నారు. ఆ నింద న్యాయం కాదు. నిబంధన రాసింది తనే కనుక దాన్ని కాపాడవలసిందీ తనే అని ఆయన నమ్మాడు, ఆ నమ్మకానికి మూల్యం చెల్లించాడు.

మరునాడే ఫుట్‌బాల్ ఫైనల్. భారత్, దక్షిణ కొరియా. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. మొదటి మ్యాచ్‌లో ఇదే కొరియా చేతిలో 2-0తో ఓడిన జట్టు అది. ఆ తరువాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను ఓడించి ఫైనల్‌కు వచ్చింది. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం కట్టుతోనే ముందు వరుసలోకి పంపాడు. బంతిని తలతో కొట్టాలంటే గాయం మీద తగులుతుంది. స్టేడియం నిండా భారత్‌ను ఎగతాళి చేస్తున్న జనం. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ కొట్టారు. ఆట చివర్లో కొరియా ఒకటి తిరిగి కొట్టినా చాలలేదు. గోల్‌లో నిలబడ్డ పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడు. ముందు వరుసలోని తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. జట్టులో యూసుఫ్ ఖాన్, అఫ్జల్ కూడా హైదరాబాద్ వాళ్ళే. రహీం మరుసటి ఏడు జూన్‌లో చనిపోయాడు. భారత ఫుట్‌బాల్ ఆసియా క్రీడల్లో ఆ తరువాత స్వర్ణం చూడలేదు. సికింద్రాబాద్ మైదానాల్లో తయారైన ఒక తరం, ఒక మాస్టారు పోవడంతో పాటే చెదిరిపోయింది. ఆ నష్టానికి తెలుగునాట ఇంకా తగినంత లెక్క రాయలేదు.

జకార్తా వివాదం అంతటితో ఆగలేదు. 1963 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఇండొనేషియాను సస్పెండ్ చేసింది. సుకర్ణో బదులుగా ‘గనెఫో’ పేరుతో కొత్తగా తలెత్తుతున్న దేశాల క్రీడలను ప్రకటించి, ఆ నవంబరులోనే జకార్తాలో జరిపించాడు. చైనా వెనక నిలబడింది. ఈ పోటీల్లో ఆడిన అథ్లెట్లనూ ఈతగాళ్ళనూ వాళ్ళ అంతర్జాతీయ సమాఖ్యలు నిషేధించాయి. దాంతో 1964 టోక్యో ఒలింపిక్స్‌కు వచ్చిన ఇండొనేషియా, ఉత్తర కొరియా బృందాలు ఆడకుండానే వెనక్కి వెళ్ళాయి. ఉత్తర కొరియా పరుగుల రాణి సిన్ కిమ్ దాన్ ఆ రోజుల్లో 400, 800 మీటర్లలో ప్రపంచంలోనే అందరికంటే వేగంగా పరుగెత్తుతోంది. గనెఫోలో ఆమె నమోదు చేసిన సమయాలను రికార్డులుగా ఒప్పుకోలేదు, ఒలింపిక్స్‌లో పరుగెత్తనివ్వలేదు. కొరియా యుద్ధంలో విడిపోయి దక్షిణాన ఉండిపోయిన ఆమె తండ్రి, కూతురు టోక్యో వచ్చిందని తెలిసి అక్కడికి వెళ్ళాడు. పద్నాలుగేళ్ళ ఎడబాటు తరువాత వాళ్ళకు దొరికింది కొద్ది నిమిషాలే. ఒలింపిక్ కమిటీ తీర్పుల మీద, సుకర్ణో పట్టుదల మీద ఎన్ని పుస్తకాలైనా రాయవచ్చు. తీర్పులిచ్చినవాళ్ళెవరికీ కలగని నష్టం ఆ ఇద్దరికి కలిగింది.

ఖర్చు సంగతికి వస్తే, ఆసియా క్రీడలు ఇంకా బతికున్నాయంటే బ్యాంకాక్ పుణ్యమే. 1966లో తన వంతు ప్రకారం జరిపింది. 1970 క్రీడలు సియోల్‌కు దక్కాయి కానీ, ఉత్తరం నుంచి ముప్పు ఉందనీ ఖర్చు మోయలేమనీ సియోల్ వదులుకుంది. మిగతా దేశాలు తలా ఇంత వేసుకుంటే బ్యాంకాకే మళ్ళీ జరిపింది. 1978 క్రీడలు ఇస్లామాబాద్‌లో జరగవలసింది. పాకిస్తాన్ చేతులెత్తేసింది. మళ్ళీ బ్యాంకాకే దిక్కయింది. నాలుగోసారి 1998లో జరిపింది. ఆ నాలుగూ డిసెంబరులోనే జరిగాయి. నిర్వహించిన దేశం పేరు మార్మోగేది గొప్ప స్టేడియాలు కట్టినప్పుడు, కళ్ళు చెదిరే ఆరంభోత్సవాలు చేసినప్పుడు. కాడి పడేసినవాళ్ళ బరువు ఎత్తుకున్న బ్యాంకాక్‌కు అలాంటి కీర్తి దక్కలేదు. అయినా 1970లో గాని 1978లో గాని థాయ్‌లాండ్ కాదంటే ఈ వరస తెగిపోయేదేమో. 1970 బ్యాంకాక్‌లోనే కమల్‌జీత్ సంధు 400 మీటర్లు గెలిచి, ఆసియా క్రీడల్లో వ్యక్తిగత స్వర్ణం సాధించిన తొలి భారత మహిళ అయింది.

టెహరాన్ 1974 తరువాత ఇజ్రాయెల్ సమస్యకు పరిష్కారం ఓటుతో రాలేదు. 1978లో భద్రతా కారణాలు చూపి రానివ్వలేదు. ఆ తరువాత సమాఖ్యనే మూసేసి, దాని స్థానంలో ఆసియా ఒలింపిక్ మండలిని పెట్టారు. 1982 నవంబరులో ఢిల్లీలో రూపుదిద్దుకున్న ఈ కొత్త సంస్థలో ఇజ్రాయెల్‌కు సభ్యత్వం లేదు. ఎవరినీ బహిష్కరించినట్టు కాలేదు, పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టారంతే. ఇజ్రాయెల్ క్రమంగా ఐరోపా పోటీలకు వెళ్ళిపోయింది. కొత్త మండలి మొదటి అధ్యక్షుడు కువైట్ రాజకుటుంబీకుడు షేక్ ఫహద్ అల్ అహ్మద్. అధికార కేంద్రం ఢిల్లీ, టోక్యోల నుంచి గల్ఫ్‌కు మారింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడిన రోజున దస్మాన్ ప్యాలెస్ దగ్గర షేక్ ఫహద్ ప్రాణాలు కోల్పోయాడు. రెండు నెలలు తిరక్కుండా జరిగిన బీజింగ్ క్రీడలకు ఇరాక్‌ను రానివ్వలేదు. అధ్యక్ష పదవి ఆయన కొడుకు షేక్ అహ్మద్‌కు వచ్చి, మూడు దశాబ్దాలు ఆయన చేతిలోనే ఉంది. 2021లో జెనీవా కోర్టు ఫోర్జరీ కేసులో ఆయన్ను దోషిగా తేల్చాక తప్పుకున్నాడు. 2024లో రణధీర్ సింగ్ ఎన్నికతో తొలిసారి ఆ కుర్చీలో భారతీయుడు కూర్చున్నాడు.

1982 ఢిల్లీ ఆసియాడ్ అంటే అప్పటి పిల్లలకు గుర్తొచ్చేది అప్పూ అనే ఏనుగు పిల్ల, కలర్ టీవీ. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, ఫ్లైఓవర్లు, సిరీ ఫోర్ట్ దగ్గర క్రీడాగ్రామం తక్కువ వ్యవధిలో లేచాయి. 33 దేశాలు వచ్చాయి. హాకీ ఫైనల్లో పాకిస్తాన్ 7-1తో గెలిచి దేశమంతటినీ మూగబోయేలా చేసింది. పద్దెనిమిదేళ్ళ పి.టి. ఉష 100, 200 మీటర్లలో రజతాలు గెలిచింది. చైనా 61 స్వర్ణాలతో జపాన్‌ను మొదటిసారి కిందికి నెట్టింది.

ఆ స్టేడియాలూ ఫ్లైఓవర్లూ కట్టిన కూలీల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. వాళ్ళకు ఒక కోర్టు తీర్పు ఉంది. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రాటిక్ రైట్స్ రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు విచారించింది. అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టర్లు ఆ డబ్బును కూలీలను తెచ్చిన జమాదార్ల చేతిలో పెట్టేవాళ్ళు. జమాదారు మనిషికో రూపాయి మినహాయించుకుని 8 రూపాయల 25 పైసలు ఇచ్చేవాడు. 1982 సెప్టెంబరులో, క్రీడలకు రెండు నెలల ముందు, జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన తీర్పు వచ్చింది: కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకుంటే అది వెట్టిచాకిరీయే, రాజ్యాంగం 23వ అధికరణ దాన్ని నిషేధించింది. దేశంలో ఎక్కడ కూలీల తరఫున కేసు నడిచినా వకీళ్ళు ఇప్పటికీ ఎత్తిచూపే తీర్పు ఇది. 1982 ఆసియాడ్ ఈ దేశానికి మిగిల్చిన ఆస్తుల్లో స్టేడియం కంటే, టీవీ కంటే విలువైనది జమాదారు కోసుకున్న ఆ రూపాయి మీద వచ్చిన ఈ తీర్పే.

1986 సియోల్‌లో భారత్‌కు వచ్చినవి మొత్తం అయిదు స్వర్ణాలు. నాలుగింట్లో ఉష ఉంది, మిగిలిన ఒక్కటీ మల్లయోధుడు కర్తార్ సింగ్‌ది. ఆ క్రీడలకు ఉత్తర కొరియా రాలేదు. కొద్ది రోజుల ముందే గింపో విమానాశ్రయంలో బాంబు పేలి అయిదుగురు చనిపోయారు. 1990 బీజింగ్‌లో భారత్ స్వర్ణం ఒక్కటే, అది కబడ్డీలో. కబడ్డీ పతక క్రీడగా చేరింది ఆ ఏడే.

ఒలింపిక్స్‌కు లేని సొగసు ఆసియా క్రీడలకు ఇక్కడే వచ్చింది. కబడ్డీ, సెపక్ తక్రా, వుషూ, కురాష్ లాంటి ఊరి ఆటలు, వీధి ఆటలు పతక వేదిక ఎక్కాయి. మన పల్లెల్లో చెడుగుడుగా ఆడిన ఆటను ఇరానీలు ఎంత పట్టుదలగా నేర్చుకున్నారంటే, 2018 జకార్తాలో పురుషుల సెమీఫైనల్లో భారత్‌ను ఓడించారు. మహిళల ఫైనల్లో కూడా 27-24తో ఇరానే గెలిచింది. ఆ ఇరాన్ అమ్మాయిలకు ఆట నేర్పింది నాసిక్‌కు చెందిన శైలజా జైన్. భారత్ ఓడిందని బాధపడ్డవాళ్ళు చాలామంది. కానీ ఒక ఆట తన పుట్టిల్లు దాటి బతకాలంటే జరగవలసింది అదే. ఎదురు నిలిచి గెలవగలిగినవాళ్ళు లేకపోతే కబడ్డీకి ఆసియా క్రీడల్లో చోటు నిలిచేది కాదు.

సోవియట్ యూనియన్ కూలిపోవడంతో 1994 హిరోషిమాకు కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ మొదలైన అయిదు మధ్య ఆసియా దేశాలు వచ్చి చేరాయి. రాజధాని కాని నగరంలో ఆసియా క్రీడలు జరగడం అదే మొదలు. చైనా ఈతగాళ్ళు డోపింగ్‌లో దొరికిపోవడం ఆ క్రీడలకు మచ్చ. ఆముదాలవలస ప్రాంతం నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి అక్కడ వెయిట్‌లిఫ్టింగ్‌లో రజతం గెలిచింది, 1998 బ్యాంకాక్‌లో మరొకటి. 2002 బుసాన్‌లో ఉత్తర, దక్షిణ కొరియాలు ఒకే జెండా కింద నడిచాయి. 2018లో రెండు కొరియాల అమ్మాయిలు ఒకే పడవలో కూర్చుని డ్రాగన్ బోట్ 500 మీటర్లు గెలిచారు. 2006 దోహాలో కోనేరు హంపి చదరంగంలో రెండు స్వర్ణాలు తెచ్చింది. అదే దోహాలో 800 మీటర్ల రజతం గెలిచిన తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరాజన్ నుంచి లింగ నిర్ధారణ పరీక్ష పేరుతో పతకం వెనక్కి తీసుకున్నారు. ఏ తప్పూ చేయని మనిషిని ప్రపంచం ముందు అలా నిలబెట్టడం ఆసియా క్రీడల చరిత్రలో మాసిపోని గాయం.

ఈ మధ్యలో హైదరాబాద్‌కు కూడా ఒక అంతర్జాతీయ క్రీడోత్సవం వచ్చింది. ఆసియా, ఆఫ్రికా దేశాలు కలిసి ఆడాలన్న ఆలోచన 1980ల నుంచీ ఉన్నా ఏళ్ళ తరబడి వాయిదా పడుతూ వచ్చి, చివరికి 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 వరకు ఆఫ్రో ఏషియన్ గేమ్స్‌గా గచ్చిబౌలిలో, లాల్‌బహదూర్ స్టేడియంలో కార్యరూపం దాల్చింది. రెండోసారి అల్జీరియాలో జరపాలనుకున్నారు, జరగలేదు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన రెండు ఖండాల స్నేహం 1950లలో ఒక తరాన్ని కదిలించిన కల. 2003 నాటికి దాన్ని నడిపించే చెయ్యి ఏ దేశంలోనూ మిగల్లేదు. హైదరాబాద్‌కు మిగిలింది మైదానాలు. 2007లో ప్రపంచ సైనిక క్రీడలు కూడా ఆ నగరంలోనే జరిగాయి. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలోని బహుళ అంతస్తుల భవనాన్ని టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు.

2022లో జరగవలసిన హాంగ్‌ఝౌ క్రీడలు కోవిడ్ వల్ల 2023 సెప్టెంబరుకు వాయిదా పడ్డాయి. భారత్ పతకాలు మొదటిసారి వంద దాటాయి. అందులో తెలుగువాళ్ళ వాటా గట్టిది. విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విభాగంలో మూడు స్వర్ణాలు, అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్‌లో దేశానికి తొలి ఆసియా స్వర్ణం గెలిచారు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ రాత్రి మాత్రం ఆట కంటే పెద్ద పరీక్ష ఎదుర్కొంది. పక్క లేనులో చైనా క్రీడాకారిణి వూ యాన్నీ తుపాకీ పేలకముందే కదిలింది. ఆమెతో పాటు జ్యోతిని కూడా తప్పించబోయారు. జ్యోతి ట్రాక్ మీదే నిలబడి, తన తప్పు లేదని అధికారులతో వాదించింది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. జ్యోతి మూడో స్థానంలో వచ్చింది, తరువాత వూ యాన్నీ అనర్హురాలని తేల్చడంతో కంచు వెండిగా మారింది. పరాయి దేశంలో, నిండు స్టేడియంలో, ఆ అమ్మాయి వెనక్కి తగ్గకుండా నిలబడిన ఆ కొద్ది నిమిషాల విలువ పతకం కంటే తక్కువది కాదు.

అదే హాంగ్‌ఝౌకు అరుణాచల్ ప్రదేశ్‌కు చెందిన ముగ్గురు వుషూ క్రీడాకారిణులు వెళ్ళలేకపోయారు. అరుణాచల్ తమదని వాదించే చైనా, మిగతా భారత క్రీడాకారులకు ఇచ్చినట్టు వాళ్ళకు ప్రవేశం ఇవ్వలేదు. నిరసనగా భారత క్రీడల మంత్రి పర్యటన రద్దు చేసుకున్నాడు. ముగ్గురూ ఇంటి దగ్గరే ఉండిపోయారు. 1962లో యాంగ్‌కు జరిగింది అరవై ఏళ్ళ తరువాత కూడా జరుగుతోందంటే, అతిథులను ఎంచుకునే హక్కు ఆతిథ్య దేశానిది కాదన్న సోంధీ వాదన ఇప్పటికీ గెలవలేదన్న మాట. ఒక్క విషయంలో మాత్రం హాంగ్‌ఝౌ తలుపు విశాలంగా తెరుచుకుంది. తాలిబాన్ పాలనలో ఆడవాళ్ళకు ఆటలే లేకపోయినా, దేశం బయట ఉంటున్న అఫ్ఘన్ క్రీడాకారిణులు పాత మూడు రంగుల జెండా కింద వచ్చి ఆడారు.

ఖర్చు మళ్ళీ ముందుకొచ్చింది. 18వ క్రీడలు మొదట హనోయ్‌కి దక్కాయి. 2014లో వియత్నాం ప్రభుత్వం అంత ఖర్చు తన వల్ల కాదని బాహాటంగానే చెప్పి తప్పుకుంటే, జకార్తా, పాలెంబాంగ్‌లు ఎత్తుకున్నాయి. సంపన్న జపాన్ సైతం 2026 ఐచి నగోయా క్రీడలకు ప్రత్యేక క్రీడాగ్రామం కట్టడం మానుకుని, క్రీడాకారులను ఓడలో, హోటళ్ళలో ఉంచాలని నిర్ణయించింది. డబ్బుకు వెనకాడనిది ఇప్పుడు గల్ఫే. 2020 డిసెంబరులో మస్కట్‌లో ఓటింగు జరిగినప్పుడు ఖతార్, సౌదీ అరేబియాల మధ్య రాకపోకలే లేవు. రెండూ ఒకే క్రీడల కోసం పోటీపడ్డాయి. మండలి ఓడినవాళ్ళను కూడా ఒట్టి చేతులతో పంపలేదు: 2030 దోహాకు, 2034 రియాద్‌కు ఇచ్చేసింది. 2014లో ఇంచియాన్ క్రీడలకు సౌదీ పంపిన బృందంలో ఒక్క మహిళ కూడా లేదు. స్టేడియంలో కూర్చుని ఆట చూడడానికి ఆ దేశం ఆడవాళ్ళను అనుమతించింది 2018 జనవరిలో.